మిస్సోరిలో మొదటి టర్కీ సీజన్: ఏ కాల్ కొనాలి, ఎక్కడ కూర్చోవాలి?

శ్రీకర్_సెయింట్‌లూయిస్

అందరికీ నమస్తే. ఇక్కడి పోస్టులు చాలాకాలంగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. మాది కరీంనగర్ దగ్గర పల్లె, ఇప్పుడు సెయింట్ లూయిస్‌లో ఉద్యోగం. గ్రీన్ కార్డ్ వచ్చింది. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చలికాలంలో పూర్తి చేశాను. ఈ ఏప్రిల్‌లో అడవి టర్కీకి వెళ్లాలని గట్టిగా అనుకున్నాను. ఆఫీసులో ఒకాయన తన 12 గేజ్ పంప్ గన్ (ఒకేసారి బోలెడు గుళ్లు చిమ్మే షాట్‌గన్) ఇస్తానంటున్నాడు. సొంత పొలాలున్నవాళ్లు ఎవరూ తెలియదు కాబట్టి పబ్లిక్ భూమి అయిన మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్టే నాకు దిక్కు.

వీడియోల్లో అందరూ రకరకాల కాల్స్ (పెట్ట కూతలా మోగే పరికరాలు) నోట్లో, చేతిలో పట్టుకుని ఆపకుండా మోగిస్తుంటారు, కాసేపట్లో పుంజు పురి విప్పుకుంటూ వచ్చేస్తుంది. షాపుకి వెళ్తే గోడ నిండా కాల్సే. మొదట ఏది కొనాలి? డికాయ్ (టర్కీ బొమ్మ) లేకుండా కుదరదా? గుళ్లు ఏ సైజు వాడాలి? అసలు అంత పెద్ద అడవిలో ఎక్కడ కూర్చోవాలి? పెద్దలు చెప్పండి.

ఓజార్క్ శీను

శ్రీకర్ తమ్ముడూ, స్వాగతం. నువ్వు చివర్లో అడిగిన ప్రశ్నే అన్నింటికంటే ముందు అడగాల్సింది. కాల్ సంగతి తర్వాత చూద్దాం.

ఒక్క విషయం బుర్రలో పెట్టుకో. వసంతంలో పుంజు అరిచేది పెట్టల్ని తన దగ్గరికి రప్పించుకోవడానికి. అది ఉన్నచోటే అరుస్తుంది, పెట్టలే నడిచి వెళ్తాయి. మనం పెట్టలా పిలిచి పుంజునే రమ్మంటున్నాం, అంటే దాని పద్ధతికి పూర్తిగా ఎదురు. అందుకే ఎంత బాగా మోగించినా చాలాసార్లు రాదు. కానీ అది ఎలాగూ వెళ్లాలనుకుంటున్న దారిలో నువ్వు ముందే కూర్చుని ఉన్నావనుకో, నాలుగు సాదా యెల్ప్‌లు, అంటే పెట్ట పిలుపులు, చాలు. వేట అంతా ఆ దారి కనిపెట్టడంలోనే ఉంది.

మన సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు ఉంటుంది. నువ్వు మార్చి చివరి నుంచే వెళ్లు. కాల్ జేబులోంచి తీయకు. తెల్లవారక ముందే ఒక మిట్ట మీద నిలబడి విను. టర్కీలు రాత్రిళ్లు చెట్ల మీద పడుకుంటాయి, దిగకముందు కొమ్మ మీదినుంచే పుంజు అరుస్తుంది. ప్రశాంతమైన ఉదయం ఆ అరుపు మైలు దూరం కూడా వినిపిస్తుంది. ఎటువైపు నుంచి వచ్చిందో మ్యాప్‌లో గుర్తు పెట్టుకో. దిగాక అరుపు ఏ దిక్కుగా జరిగిందో అదీ గుర్తు పెట్టుకో. రెండు మూడు ఉదయాలు ఇలా వింటే ఆ పక్షి అలవాటు నీకు తెలిసిపోతుంది.

తర్వాత పొద్దెక్కాక నేల చూస్తూ నడువు. ఎండుటాకులు గీకి తిరగేసినట్టు ఉంటే మేత మేసిన చోటు. రెట్ట ఇంగ్లిష్ జె అక్షరంలా వంకర తిరిగి ఉంటే పుంజుది, ఉండలా చుట్టుకుని ఉంటే పెట్టది. రొమ్ము ఈక అంచు నల్లగా ఉంటే పుంజు, లేత గోధుమరంగుగా ఉంటే పెట్ట. మట్టి దారి మీద పాదాల జాడకి రెండుపక్కలా సన్నటి గీతలు కనిపిస్తే అక్కడ పుంజు రెక్కలు నేలకి ఈడుస్తూ పురి విప్పి తిరిగిందన్నమాట. అటువంటి చోటు దొరికితే వదలకు.

తెల్లవారుజామున అది అరవకపోతే గుడ్లగూబ కూత ప్రయత్నించు. ఇక్కడి బార్డ్ గుడ్లగూబ కూత వింటే పుంజు ఆగలేక బదులు అరుస్తుంది. పొద్దెక్కాక కాకి కూత. ఆ రెండింటినీ లొకేటర్ కాల్స్ అంటారు. అవి పక్షిని రప్పించవు, ఎక్కడుందో చెప్పిస్తాయంతే. సీజన్‌కి ముందు పెట్ట కూతతో పుంజుల్ని పలకరించడం మాత్రం వద్దు. పిలిచినచోట పెట్ట లేదని వాటికి ముందే తెలిసిపోతుంది.

నల్లగొండ నర్సింహ

శీనన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను టెనెసీల నాష్‌విల్ దిక్కు ఉంట. కాల్ సంగతి నేను చెప్త తమ్మీ.

మొదలు బాక్స్ కాల్ కొను. చెక్క డబ్బా, పైన కదిలే మూత. మూత అడుగుకు సుద్ద రుద్ది డబ్బా అంచు మీద నెమ్మదిగ జరిపితె యెల్ప్ వస్తది. అర్కాన్సాస్ల హెన్రీ గిబ్సన్ అనేటాయన 1897ల దీనికి పేటెంట్ తీసుకున్నడు, ఇప్పటికీ పెద్దగ మారలె. కొత్తోడు కూడ సాయంత్రానికి మంచి మోత పుట్టియ్యొచ్చు. గాలి ఉన్ననాడు దూరం పోవాలంటె దీనికి మించింది లేదు. సుద్ద మాత్రం కాల్స్ కోసం అమ్మేదే వాడు, నూనె, జిగురు కలిసిన సుద్ద పెడితె చెక్క పాడైతది.

రెండోది పాట్ కాల్. గుండ్రటి చిప్పల పలక రాయో, గాజో, అల్యూమినియమో బిగించి ఉంటది, పుల్లతోటి గీకాలె. పుల్లను పెన్ను పట్టినట్టు పట్టు, కొన పలక మీదికెల్లి లేవొద్దు. చిన్న చిన్న గుండ్రాలు తిప్పితె యెల్ప్, ఒత్తి ఇంచి గీత గీస్తె క్లక్, మెల్లగ పొడుగ్గ ఈడిస్తె పర్. గీకే ముందు పలకను గరుకు కాయితంతోటి ఒక్క దిక్కుకే రుద్దు, ఆ గీతలకు అడ్డంగ పుల్ల నడిపియ్యి. మెత్తటి చప్పుళ్లకు పలక రాయి మంచిగుంటది.

వాన పడితె ఈ రెండూ మూగబోతయి. అప్పుడు అక్కరకొచ్చేది నోట్లె పెట్టుకునే డయాఫ్రం. అంగిట్ల ఆనించి నాలుకతోటి ఒత్తి గాలి వదలాలె. గాలి పెదాల కాడికెల్లి కాదు, కడుపులకెల్లి రావాలె. మొదట్ల డోకొస్తది, అంచులు కొంచెం కత్తిరిస్తె కుదురుకుంటది. కార్ల ఆఫీసుకు పొయ్యేటప్పుడు సాధన చెయ్యి. చేతులు రెండూ తుపాకి మీదనే ఉంటయి కాబట్టి పుంజు దగ్గరికొచ్చినంక దీని విలువ తెలుస్తది.

యెల్ప్ అంటె రెండు స్వరాలు. ముందు సన్నగ పైకి, ఎంటనే బొంగురుగ కిందికి. ఆ విరుపు రావాలె. స్వరం ఎంత తియ్యగున్నా తాళం తప్పితె పక్షి నమ్మది. వీడియోలల్ల పోటీల మొనగాళ్లను కాదు, అసలు పెట్టల రికార్డింగులు విను. నిజం పెట్టలు చానసార్లు మనకంటె అధ్వాన్నంగ కూస్తయి, తాళం మాత్రం తప్పయి.

ఇంకొకటి. పట్‌ అని గట్టిగ ఒక్కసారి వినిపిస్తె అది ప్రమాదం చూసిన పక్షి అరుపు. నువ్వు క్లక్ కొట్టబోయి గట్టిగ కొట్టితె గదే మోగుతది. మెత్తగ కొట్టు.

పద్మజ_పిట్స్‌బర్గ్

కాల్స్ గురించి మాట్లాడేముందే ఇది చెప్పాలి శ్రీకర్ గారూ, పబ్లిక్ భూమి అన్నారు కాబట్టి మరీనూ. టర్కీ వేటలో మనుషులకి దెబ్బలు తగిలేది ఎక్కువగా ఒక్క కారణంతోనే: ఒక వేటగాడు ఇంకో వేటగాడిని పక్షి అనుకోవడం. అందరం నిలువెల్లా ఆకుల రంగు బట్టల్లో ఉంటాం, అందరం టర్కీల్లాగే కూస్తుంటాం.

పుంజు అరుపు వినిపించిందని దాని మీదికి పాక్కుంటూ వెళ్లకండి. ఆ అరుస్తున్నది మనిషి కావచ్చు, లేదా ఆ పుంజుని పిలుస్తున్న మనిషి మీకూ దానికీ మధ్యలో ఉండొచ్చు. కూర్చునేటప్పుడు మీ భుజాలకంటే వెడల్పైన చెట్టుకి ఆనుకోండి, తల కూడా చెట్టు దాటకూడదు. వెనకనుంచి ఎవరైనా పొరపాటున కాల్చినా చెట్టు అడ్డం ఉంటుంది. ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఎక్కడా వద్దు. పుంజు తల ఆ మూడు రంగుల్లోనే ఉంటుంది. చొక్కా లోపలి బనియను, ప్యాంటు కింద కనిపించే తెల్ల సాక్స్, జేబు రుమాలు, అన్నీ చూసుకోండి.

ఇంకో వేటగాడు మీవైపు వస్తుంటే చెయ్యి ఊపకండి, టర్కీలా కూయకండి. కదలకుండానే మామూలు మనిషి గొంతుతో గట్టిగా "ఆగండి, ఇక్కడ మనిషి ఉన్నాడు" అని ఇంగ్లిష్‌లో అరవండి. ఆ ఉదయం వేట పాడైనా ఫర్వాలేదు. పక్షి దొరికాక దాన్ని నారింజ రంగు సంచిలో వేసుకుని, మీరూ నారింజ టోపీ పెట్టుకుని నడవండి. భుజాన వేలాడుతున్న పుంజు రెక్కలు ఊగుతుంటే దూరం నుంచి ప్రాణమున్న పక్షిలాగే కనిపిస్తుంది.

నేను ఒక్కదాన్నే అడవికి వెళ్లే రోజుల్లో కారు ఎక్కడ ఆపాను, ఎక్కడ కూర్చుంటాను, ఎన్నింటికి తిరిగొస్తాను అన్నది ఇంట్లో మ్యాప్‌తో సహా చెప్పి వెళ్తాను. కొత్తవాళ్లంతా ఇది అలవాటు చేసుకోండి.

చందు_అయోవా

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఎఫ్-1 మీద చదువుకుంటున్నా. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి ముట్టుకోకూడదని మా రూమ్‌మేట్స్ అంటున్నారు. నిజమేనా?

ఓజార్క్ శీను

చందూ, మంచి ప్రశ్న. ఇది తేలిగ్గా తీసుకోకు. ఫెడరల్ చట్టంలో 922(జి)(5) ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. అదే చట్టంలో 922(వై) కింద మినహాయింపులున్నాయి. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవాళ్లకి ఈ నిషేధం వర్తించదు. అంటే లైసెన్సు చేతికి రాకముందు స్నేహితుడి గన్ సరదాగా పట్టుకోవడం కూడా ఇబ్బందే, లైసెన్సు గడువు అయిపోయిన మర్నాడు కూడా ఇబ్బందే. దీనిపైన రాష్ట్రాల నియమాలు వేరేగా ఉంటాయి. వీసా, రేపటి గ్రీన్ కార్డ్, అన్నీ దీంతో ముడిపడి ఉన్నాయి కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడిగాకే ముందడుగు వెయ్యి. ఫోరంలో నేను చెప్పానని వెళ్లకు.

ఇంకో దారి కూడా ఉంది. విల్లు ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకి కాదు. లైసెన్సు, పర్మిట్ ఎలాగూ కావాలి. టర్కీని విల్లుతో కొట్టడం కష్టం, లాగేటప్పుడు ఆ కదలిక చూసేస్తుంది. గుడారంలాంటి బ్లైండ్ లోపల కూర్చుంటే వీలవుతుంది.

గ్రీన్ కార్డ్ ఉన్న శ్రీకర్‌కి ఈ నిషేధం వర్తించదు.

చందు_అయోవా

చాలా థాంక్స్ అన్నా. ముందు లాయర్‌ని అడుగుతా.

రియో రమణారెడ్డి

టెక్సాస్‌లోని శాన్ ఆంజెలో నుంచి నమస్కారం. తుపాకి, గుళ్ల సంగతి నాకు వదిలేయండి.

12 గేజ్ చాలు, ఎక్కువే. గొట్టం చివర ఎక్‌స్ట్రా ఫుల్ చోక్ బిగించుకో, అంటే గుళ్లు గుత్తిగా పోయేలా మూతిని ఇరుకు చేసే బిళ్ల. గుళ్లకి నంబరు పెరిగేకొద్దీ సైజు చిన్నది. మీ మిస్సోరిలో నాలుగో నంబరు కంటే పెద్ద గుళ్లు పనికిరావు, నియమం. సీసం అయితే ఐదో నంబరు గానీ ఆరో నంబరు గానీ తీసుకో. ఔన్సుకి ఐదో నంబరువి సుమారు 170, ఆరో నంబరువి సుమారు 225 గుళ్లుంటాయి. ఇప్పుడంతా టీఎస్ఎస్ అంటున్నారు, అంటే టంగ్‌స్టన్. సీసం సాంద్రత 11 చిల్లర అయితే దీనిది 18. బరువెక్కువ కాబట్టి తొమ్మిదో నంబరు సన్న గుళ్లయినా లోపలికి దిగుతాయి, ఒకే షెల్‌లో చాలా ఎక్కువ పడతాయి. 20 గేజ్, చివరికి .410 కూడా టర్కీకి పనికొస్తున్నాయంటే దీనివల్లే. ఖరీదు మటుకు గుండె గుబేలుమనేంత. నీ 12 గేజ్‌కి సీసమే చాలును.

ఏది కొన్నా కాగితం మీద కాల్చి చూడకుండా అడవికి పోవద్దు. దీన్నే ప్యాటర్న్ చూడటం అంటారు. పెద్ద కాగితం కట్టి, ముందు చవక టార్గెట్ షెల్స్‌తో గురి సరిగ్గా ఉందా చూసుకో, భుజం కూడా వాయదు. తర్వాత టర్కీ షెల్‌తో 40 గజాల నుంచి కాల్చి, ఎక్కువ గుళ్లు పడిన చోట 10 అంగుళాల వలయం గీసి లెక్కపెట్టు. వంద దాకా ఉంటే ఆ దూరం నీకు సరే. తక్కువుంటే దగ్గరికొస్తూ వంద దాటేదాకా చూడు, ఆ గజాలే నీ హద్దు. అదే షెల్ నా తుపాకిలో ఒకలా, నీ తుపాకిలో ఒకలా విచ్చుకుంటుంది. ఇంకొకరి లెక్క అరువు తెచ్చుకుంటే లాభం లేదు. 15, 20 గజాల్లో కూడా ఒకటి కాల్చి చూడు. అక్కడ గుళ్లన్నీ పిడికిలంత చోట పడతాయి, గురి వెంట్రుకవాసి తప్పినా పక్షి ఎగిరిపోతుంది. చాలామంది దగ్గరి పక్షినే తప్పుతారు.

గురి తల, మెడ మీదే. ఒంటి మీద కాల్చొద్దు, ఈకలు, కండ అడ్డుపడి గాయంతో పోయి ఎక్కడో చస్తుంది. అంతకంటే పాపం లేదు. పురి విప్పినప్పుడు మెడ లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు కాల్చకు. ఒక మెత్తని క్లక్ కొట్టు, పురి దించి మెడ నిక్కిస్తుంది. అదీ సమయం.

మా వైపు ఉండే రియో గ్రాండే అనే ఉపజాతి టర్కీలవి వేరే అలవాట్లు. విశాలమైన పచ్చిక, తుమ్మలాంటి మెస్కీట్ చెట్లు, వాగుల పక్కన మాత్రమే పెద్ద చెట్లు. మందగా ఒకేచోట రాత్రి మకాం వేస్తాయి, పొద్దున దిగి మైళ్లు నడుస్తాయి. మాకు పబ్లిక్ భూమి చాలా తక్కువ, రాంచ్ యజమాని అనుమతి కావాలి. ఇక్కడ లొకేటర్‌గా నెమలి కూత మోగించే కాల్ కూడా అమ్ముతారు, బాగా పనిచేస్తుంది. చిత్తూరు జిల్లాలో పొలం గట్టున నెమలి కూతలు వింటూ పెరిగినోణ్ణి, ఇక్కడ అదే కూతకి టర్కీ బదులివ్వడం వింటే ఒళ్లు పులకరిస్తుంది.

శ్రీకర్_సెయింట్‌లూయిస్

ఇంత విపులంగా రాస్తారనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. డికాయ్ గురించి ఎవరూ చెప్పలేదు.

నల్లగొండ నర్సింహ

ఓపెన్ పొలాలల్ల డికాయ్ మంచిగ పనిచేస్తది. జేక్ అంటె ఏడాది పుంజు, దాని బొమ్మ ఒకటి, పెట్ట బొమ్మ ఒకటి పెట్టితె పెద్ద పుంజు రోషంతోటి జేక్ మీదికొస్తది. నీకు 20 గజాల లోపలనే పెట్టుకో, బొమ్మ మొఖం నీ దిక్కుకు తిప్పు. పుంజు దాని ఎదురుకు పోవాలని చూస్తది, అప్పుడు నీకు వీపు చూపిస్తది. దట్టమైన అడవిల అవసరం లేదు, బరువు తప్ప.

పద్మజ_పిట్స్‌బర్గ్

పబ్లిక్ అడవిలో పుంజు బొమ్మ నేను పెట్టను. ఎవరో దాన్ని నిజం పక్షి అనుకుని మీవైపు గురిపెట్టే ప్రమాదం ఉంటుంది. పెట్టాలనుకుంటే పెట్ట బొమ్మ మాత్రమే. అదీ మీకు చుట్టూ దూరం కనిపించే చోట, సంచిలో వేసి మోసుకెళ్లి.

ఎండిన టర్కీ తోకని విసనకర్రలా ముందు పట్టుకుని దాని వెనక పాక్కుంటూ పక్షి దగ్గరికి వెళ్లే పద్ధతి వీడియోల్లో చూసుంటారు. దాని జోలికి మాత్రం పోవద్దు శ్రీకర్ గారూ. తుపాకులున్న అడవిలో మనంతట మనమే పుంజు వేషం వేసుకోవడం అది.

రియో రమణారెడ్డి

ప్రైవేటు రాంచ్‌లో, ఎవరెవరు ఎక్కడున్నారో అందరికీ తెలిసినచోట, ఆ పద్ధతి అంత భయపడాల్సింది కాదమ్మా. పచ్చిక బయలులో చెట్టు దొరకదు, ఇంకెలా దగ్గరికి పోవాలి?

నల్లగొండ నర్సింహ

రమణన్నా, మా టెనెసీల వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలల్ల అది నిషేధం పెట్టిన్రు. ప్రమాదం ఒక్కటే కాదు. గుంపుకు పెద్దగ ఉన్న పుంజు ఆ తోక చూసి నేరుగ ఉరికొస్తది. సీజన్ మొదట్లనే అటువంటి పుంజులు పోతె ఆ చోటుల పెట్టలకు జత చెదిరిపోతదని భయం. నాకు పక్షిని పిలిచి రప్పించుడే వేట. అది వింటదా వినదా అన్న ఉత్కంఠ లేకుంటె చెట్టుకింద అన్ని గంటలు ఎందుకు కూసోవాలె?

రియో రమణారెడ్డి

నీ మాటలో న్యాయం ఉంది. పబ్లిక్ భూమి మటుకు నేనూ వద్దనే అంటా.

శ్రీకర్_సెయింట్‌లూయిస్

సీజన్ మొదలైంది, వెళ్లొచ్చాను. పక్షి దొరకలేదు గానీ చెప్పాల్సింది చాలా ఉంది.

శీనన్న చెప్పినట్టు మార్చిలో విన్న మిట్టకే చీకట్లో వెళ్లా. గుడ్లగూబ కూత వెయ్యకముందే అరిచింది. దాదాపు 150 గజాల్లో ఒక ఓక్ చెట్టుకి ఆనుకుని కూర్చున్నా. కొమ్మ మీద ఉండగా పాట్ కాల్‌తో మెత్తగా మూడు యెల్ప్‌లు ఇచ్చా, వెంటనే బదులిచ్చింది. దిగాక కూడా నేను పిలిచినప్పుడల్లా అరిచింది. మధ్యలో ఒక చిన్న వాగు ఉంది. వాగు అవతలి గట్టుదాకా వచ్చి అక్కడే అటూ ఇటూ తిరిగింది. పురి, ఆ ఎర్రటి మెడ, ఎండలో రాగిరంగు ఈకలు, అన్నీ కనిపిస్తున్నాయి. గురగురమని డ్రమ్ము మోగించినట్టు చప్పుడు నా ఛాతీలో వినిపించింది. రేంజ్‌ఫైండర్‌లో 70 గజాలు. చాలాసేపు అలాగే ఉండి వెనక్కి వెళ్లిపోయింది. కాల్చలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. అది వాగు ఎందుకు దాటలేదు?

ఓజార్క్ శీను

మొదటి ఉదయమే పుంజుతో అంతసేపు మాట్లాడావు, 70 గజాల్లో తుపాకి దించి ఉంచావు. నాకు చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ.

వాగు, కంచె, పడిపోయిన చెట్ల గుట్ట, దట్టమైన పొద, ఇలాంటి అడ్డాలు పుంజుకి నచ్చవు. ఎగరగలదు, దాటగలదు. కానీ పెట్ట తనవైపే వస్తుందని నమ్మకం ఉన్నప్పుడు దాటాల్సిన పని ఏముంది దానికి? నువ్వు ప్రతి అరుపుకీ బదులిచ్చావు చూడు, పెట్ట ఇష్టంగా ఉంది, వచ్చేస్తుంది అని అది అనుకుంది. వచ్చి నిలబడి పురి చూపించింది. తన వంతు అయిపోయింది, ఇక పెట్ట రావాలి. పైగా పెట్ట ఉండాల్సిన చోటు దానికి కనిపిస్తోంది, అక్కడ పెట్ట లేదు.

ఈసారి మూడు మార్పులు చెయ్యి. చీకట్లోనే వాగు దాటి, అది ఉన్న వైపే కూర్చో. రెండోది, మిట్టకి సరిగ్గా అవతలి వాలున కూర్చో. పుంజు తల మిట్ట మీదికి వచ్చేసరికే నీ హద్దు గజాల్లోపల ఉండేలా. పెట్ట ఎక్కడా కనిపించడం లేదని ఆగి చూసేలోపే అది నీ ముందుంటుంది. మూడోది, అది వస్తోందని తెలిశాక నోరు కట్టేసుకో. వేళ్లతో ఎండుటాకులు గీకు, పెట్ట మేస్తున్నట్టు. రెండు గీకులు, ఆగి ఒక గీకు. ఆ నిశ్శబ్దం దానికి భరించడం కష్టం.

మౌనంగా ఉంటే పోయిందనుకుని లేవకు. అరవకుండా వచ్చే పుంజులే ఎక్కువ. నీకు విసుగొచ్చాక ఇంకో అరగంట కూర్చో.

పద్మజ_పిట్స్‌బర్గ్

ఇంకొకటి కలుపుతాను. ఉదయం ఆరుకి పెట్టల మధ్య ఉన్న పుంజు మీ మాట వినదు. తొమ్మిదిన్నర, పది తర్వాత పెట్టలు గుడ్లు పెట్టడానికి గూళ్లకి వెళ్లిపోతాయి, పుంజు ఒంటరిగా తిరుగుతుంది. ఉదయం మిమ్మల్ని కాదని వెళ్లిన పక్షి పదకొండుకి అదే చోటుకి మౌనంగా తిరిగి రావచ్చు, మీ కూత గుర్తుంటుంది దానికి. మీ పబ్లిక్ భూముల్లో ఒంటిగంటకి ఆపేయాలి కాబట్టి అప్పటిదాకా ఉండండి. చాలామంది ఎనిమిదికే కాఫీకి వెళ్లిపోతారు, అడవి మీకొక్కరికే మిగులుతుంది.

పెట్టలతో ఉన్న పుంజుని పొద్దున్నే రప్పించాలంటే పుంజుని వదిలేసి ఆ గుంపు పెద్ద పెట్టతో మాట్లాడండి. అది ఏం కూస్తే అదే, కొంచెం గట్టిగా, దాని మాట పూర్తి కాకముందే తిరిగి కూయండి. దానికి కోపం వచ్చి మీ సంగతి తేల్చడానికి వస్తుంది, వెనకే పుంజు.

కదలిక విషయం మరీ జాగ్రత్త. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తల కొంచెం తిప్పితే చుట్టూ మొత్తం కనిపిస్తుంది, రంగులు కూడా మనకంటే బాగా చూస్తుంది, అతినీల కాంతితో సహా. బట్టలు మెరిపించే డిటర్జెంట్ వాడకండి. వాసన మాత్రం పట్టదు. ముఖానికి ముసుగు, చేతులకి గ్లౌజులు ఉండాలి. తుపాకి ముందే మోకాలి మీద ఆనించి ఉంచండి. పుంజు తల చెట్టు వెనక్కి వెళ్లినప్పుడు మాత్రమే జరగండి. కూర్చునేచోట రాళ్లు, వేళ్లు ముందే తీసేసుకుని మంచి మెత్త వేసుకోండి. నా దృష్టిలో వేటసామానులో అన్నిటికంటే విలువైనది ఆ మెత్తే.

ఓజార్క్ శీను

పురుగుల సంగతి మరిచాం. మిస్సోరి అడవిలో ఏప్రిల్ అంటే గోమార్లు. సీజన్‌కి ముందే బట్టలకి, బూట్లకి పెర్మెత్రిన్ కొట్టి పూర్తిగా ఆరబెట్టు. ఒంటికి రాయకూడదు, ఆరేదాకా ఇంట్లో పిల్లిని దగ్గరికి రానివ్వకూడదు. ప్యాంటు సాక్స్‌లోకి దోపు. ఇంటికి రాగానే ఒళ్లంతా వెతుక్కో. ఇక్కడి లోన్ స్టార్ గోమారి కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అలర్జీ వస్తుంది, ఆ తర్వాత మటన్, పోర్క్, బీఫ్ తింటే గంటల తర్వాత దద్దుర్లు, ఊపిరాడకపోవడం దాకా పోవచ్చు. కోడి, టర్కీ, చేపలకి ఆ ఇబ్బంది లేదు. ఆదివారం మటన్ లేకుండా బతకలేని మనవాళ్లు దీన్ని అశ్రద్ధ చేయకండి.

చందు_అయోవా

ఒక సందేహం. మిస్సోరిలో సీజన్‌కి రెండే పక్షులు, మొదటి వారం ఒకటే, గడ్డం (రొమ్ము మీద వేలాడే కుచ్చు) ఉన్నవే, ఒంటిగంటకే ఆపాలి. ఇన్ని నియమాలు ఎందుకు? ఊళ్లో టర్కీలు రోడ్లమీదే తిరుగుతున్నాయి కదా.

నల్లగొండ నర్సింహ

చందూ, ఆ రోడ్ల మీద తిరిగే పక్షులు ఒక్కప్పుడు లేకుండ పోయినయి. అడ్డూ అదుపూ లేని వేట, అడవుల నరికివేత, చెస్ట్‌నట్ చెట్లకు తెగులు సోకి మేత పోవుడు, అన్నీ కలిసి 1930లల్ల దేశం మొత్తం మీద సుమారు రెండు లక్షలే మిగిలినయి అంటరు. ఫారాలల్ల పెంచి అడవిల వదిలిన్రు, అవి బతకలే. ఫిరంగులతోటి వలలు ఎగరేసి అడవి పక్షులనే పట్టి, లేని చోట్లకు తీస్కపోయి వదిలితెనే నిలబడ్డయి. దానికి పైసలెక్కడియి? 1937ల వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను. మనం కొనే ప్రతి షెల్‌లకెల్లి అది పోతది. 1973ల నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ పుట్టింది. ఇయ్యాల అలాస్కా తప్ప ప్రతి రాష్ట్రంల టర్కీ ఉన్నది.

ఓజార్క్ శీను

మిస్సోరి కథ దీనికి సాక్ష్యం. 1950ల్లో పెక్ రాంచ్ అనే వన్యప్రాణి ప్రాంతం నుంచి పక్షుల్ని పట్టి జిల్లాలకి పంచారు. 1960లో మొదటి సీజన్ పెట్టారు, 14 కౌంటీలు, మూడు రోజులు, దొరికినవి 94. 2004 వసంతంలో అదే రాష్ట్రంలో 60 వేలు దాటాయి. ఆ తర్వాత తగ్గుముఖం. పిల్లలు బతకడం లేదు. గూళ్లని రకూన్లు, పొసమ్‌లు అనే ఇక్కడి చిన్న జంతువులు దోచేస్తున్నాయి, గడ్డి నేలలు తగ్గిపోతున్నాయి, తడి వసంతాలు పిల్లల్ని చంపేస్తున్నాయి. పెట్ట 10, 12 గుడ్లు పెట్టి 28 రోజులు నేల మీదే పొదుగుతుంది, ఆ నెల రోజులు దానికి గండమే.

అందుకే పక్షి దొరగ్గానే పర్మిట్ మీద గుర్తు కొట్టాలి, రాత్రి పదిలోపు టెలిచెక్ అనే రాష్ట్ర వేట శాఖ లెక్కల పద్ధతిలో నమోదు చెయ్యాలి. ఆ లెక్కల మీదే వచ్చే ఏడాది సీజన్ నిర్ణయిస్తారు. నమోదు చెయ్యనివాణ్ణి నేను వేటగాడు అనను.

నల్లగొండ నర్సింహ

మా టెనెసీల 2023 నుంచి సీజన్‌నే రెండు వారాలు ఎనకకు జరిపి, మూడు పక్షులను రెండు చేసిన్రు. మొదట్ల మస్తు గునిసిన్రు. నాకైతె సరైన పనే అనిపించింది.

శ్రీకర్_సెయింట్‌లూయిస్

మా ఊళ్లో ఇప్పుడు కొందరు టర్కీ కోళ్లు పెంచుతున్నారు. అవీ ఇవీ ఒకటేనా? ఈ శనివారం మళ్లీ వెళ్తున్నా, వాగు అవతలికి. దొరికితే వండటం ఎలాగో కూడా ఎవరైనా చెప్పండి.

పద్మజ_పిట్స్‌బర్గ్

జాతి ఒకటే. మెక్సికో వైపు అడవి టర్కీలని అక్కడివాళ్లు వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్నారు, ఫారం పక్షులన్నీ వాటి సంతతే. వంటలో మాత్రం రెంటికీ పోలిక లేదు. అడవి పక్షికి కొవ్వు ఉండదు.

రొమ్ము మాంసం అడ్డంగా పల్చగా కోసి, పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పెద్ద మంట మీద కొద్దిసేపు వేపుడు చేసి, మాంసం లోపల 165 ఫారన్‌హీట్ తాకగానే దించేయండి. ఇంకొంచెం ఉంటే పీచులా అయిపోతుంది. ముక్కలు కోసేటప్పుడు వేళ్లతో తడిమి గుళ్లు, వాటితో లోపలికి పోయిన ఈకలు తీసేయాలి.

కాళ్లు పనికిరావని చాలామంది అమెరికన్లు అడవిలోనే వదిలేస్తారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాటిలో పుల్లల్లాంటి గట్టి నరాలుంటాయి, అంతే. ఎముకతోనే కుక్కర్లో ఉప్పు, పసుపు వేసి మాంసం ఎముక వదిలేదాకా ఉడికించండి. చల్లారాక ఆ నరాలు చేత్తో లాగితే వచ్చేస్తాయి. విడదీసిన మాంసాన్ని పచ్చిమిర్చి, ఎండు గోంగూరతో కూర చేయండి, ఉడికిన నీళ్లు పారబోయకుండా చారు పెట్టండి. కందనకాయ పెద్దది, దాన్ని చీల్చి లోపలి పసుపు పొర ఒలిచేసి విడిగా మిరియాల వేపుడు. కార్జం ఆ రోజే తినేయాలి.

రియో రమణారెడ్డి

ఆ కందనకాయని చీల్చినప్పుడు లోపల ఏముందో చూడు శ్రీకర్. ఓక్ కాయలా, మిడతలా, పచ్చి గడ్డి చిగుళ్లా. ఆ వారం అవి ఎక్కడ మేస్తున్నాయో తెలుస్తుంది, రెండో పక్షికి అక్కడే కూర్చోవచ్చు.